దొరగారి సీటు గొట్టం

భుజంగరావు దొర సైకిలు మీద వస్తుంటే ఊరంతా చేతులు జోడించి నిలబడాలి. విడిస్తే కొరడా దెబ్బలే.

"మెత్తటి సీటు, దాని కింద పొట్టి గొట్టం వేస్తాను దొరా. కాళ్లు నేలకందాలి," అన్నాడు ఒకరోజు దొర సైకిలు సీటు మార్చబోతూ, సైకిళ్లు బాగుచేసే పోశెట్టి.

"నేనూ మీ ఎత్తులోనే కూర్చోవాలా? అన్నిటికన్నా పొడుగు గొట్టం వెయ్యి!"

నలుగురు పట్టి ఎక్కిస్తే దొర సంత దాకా దర్జాగా తొక్కాడు. దిగబోతే కాళ్లు అందలేదు. సంత మధ్య గుండ్రంగా తిరుగుతూ, "పట్టుకోండ్రా!" అని అరిచాడు.

"చేతులు జోడించి ఉన్నాం దొరా," అన్నాడు పోశెట్టి వినయంగా. "ఆ ఆజ్ఞ రద్దుచేస్తే పట్టుకుంటాం."

సిగ్గుతో దొర ముఖం కందిపోయింది. మూడో చుట్టులో "రద్దు" అని గొణిగాడు.

"వినపడలేదు దొరా," అంది గాజులు అమ్మే ముసలమ్మ.

నాలుగో చుట్టులో అరవక తప్పలేదు.

దించాక, తలెత్తకుండానే అడిగాడు: "పోశెట్టీ, ఆ పొట్టి గొట్టం ఉందా?"