నాలుగు పూటల మందు

దావూద్‌కి ఒకటే దిగులు. పెన్న ఒడ్డున జాఫర్ పీర్ అనే ఫకీరు ఆశ్రమంలో చేరి ఏళ్లు గడిచిపోయాయి. ఆయన పాదాల దగ్గర జపం నేర్చుకున్నాడు. గుట్టలెక్కి వేర్లు తవ్వుకొచ్చాడు. కల్వంలో నూరీ నూరీ అరచేతులు కాయలు కాశాయి. అయినా ఒక్కరోజు, ఒక్క రోగికి తన చేత్తో మందు కొలిచి ఇవ్వనిచ్చారా? అబ్బే!

ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

"బాబా, నా మీద మీకు నమ్మకం లేదా?"

పీర్ సాహెబ్ నవ్వారు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా సగం కోపం చల్లారుతుంది. దావూద్‌కి మాత్రం ఇంకాస్త మండింది.

అంతలో ఊళ్లోంచి ఓబుళమ్మ పరుగున వచ్చింది, మూడేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"నిన్నటి నుంచీ కన్ను తెరవడం లేదు సామీ. ఎట్లైనా చేసి నా బిడ్డను బతికించు."

పీర్ సాహెబ్ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. కషాయం కాచి, చల్లార్చి, సీసాలో పోశారు. అడుగునుంచి మెడదాకా ఒకే లావున్న సీసా అది. మెడదాకా నిండిన సీసాను తెచ్చి దావూద్ చేతిలో పెట్టారు.

"పదహారు చెంచాల మందు బేటా, నాలుగు పూటలకి. పూటకి నాలుగు చెంచాలు. అంతకు మించితే పసిగుండె తట్టుకోదు. ఆ తల్లికి తెలిసేటట్టు గీతలు పెట్టివ్వు."

దావూద్ ముఖం చాటంత అయింది. ఓస్, ఇంతేనా! సున్నంలో పుల్ల ముంచి సీసా అడుగున ఒక గీత, మెడ దగ్గర ఒక గీత గీశాడు. మధ్యలో సమానమైన ఎడంతో ఇంకో రెండు. నాలుగు పూటలకి నాలుగు గీతలు. ఇంకేం కావాలి? లెక్కలో తనను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడనుకున్నాడు.

"పూటకి ఒక గీత కిందికి దిగాలమ్మా" అంటూ సీసాను ఓబుళమ్మకి ఇవ్వబోయాడు.

"ఆగు బేటా. ఏదీ, చెయ్యి చాపు."

చాపాడు. వేళ్లు విడదీయమన్నారు. విడదీశాడు. పీర్ సాహెబ్ చెంబుతో ఆ చేతి మీద నీళ్లు పోశారు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారి మట్టిలో ఇంకిపోయాయి.

"వేళ్లెన్ని?"

"ఐదు బాబా."

"నీళ్లు పోయిన దారులెన్ని?"

"నాలుగు..."

ఆ మాట నోట్లో ఉండగానే అతని చూపు సీసా మీదికి పోయింది. అడుగు గీత మీద వేలు పెట్టాడు. అక్కడ సున్నా. దాని పైగీతకి నాలుగు. ఆ పైదానికి ఎనిమిది. మెడ దగ్గరికి వచ్చేసరికి పన్నెండు. మరి సీసాలో ఉన్నవి పదహారు కదా!

"తక్కిన నాలుగు చెంచాలూ ఎవరు తాగేశారంటావు?" అన్నారు పీర్ సాహెబ్, ఓబుళమ్మకి వినపడకుండా.

ఎవరూ తాగలేదు. గీతల మధ్య ఉన్న ఆ మూడు సందుల్లోనే సర్దుకుని కూర్చున్నాయి. అంటే పూటకి ఐదు చెంచాల పైమాటే.

పిల్ల వైపు చూశాడు. ఇంతసేపూ సీసానే చూశాడు గానీ పిల్లను చూడనే లేదు. పెదాలు ఎండి పగిలాయి. అంత జ్వరంలోనూ తల్లి కొంగును గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అయ్యో తల్లీ, అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తడిగుడ్డతో గీతలన్నీ తుడిచేశాడు. అడుగునా మెడ దగ్గరా మళ్లీ గీసి, మధ్యలో ఈసారి మూడు గీతలు పెట్టాడు. ఒక్కో సందునూ వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు. సరిపోయింది. అయినా మళ్లీ పైనుంచి కిందికి లెక్కపెట్టాడు. ఆ తర్వాత మళ్లీ కిందినుంచి పైకి.

ఓబుళమ్మకి కంగారు పుట్టింది. "ఏమైంది నాయనా? మందు మంచిదే కదా?"

"మందు మంచిదేనమ్మా. నేనే గీతలు తప్పు పెట్టినా" అన్నాడు. దాచుకోలేదు.

తర్వాత సీసాను పీర్ సాహెబ్ ముందు పెట్టి తల వంచుకున్నాడు.

"మీరే తాగించండి బాబా. నా చెయ్యి వణుకుతోంది. ఈ పని నా వల్ల కాదు."

పీర్ సాహెబ్ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఆ తర్వాత సీసాను మళ్లీ ఆ చేతిలోనే పెట్టారు.

"ఇన్నేళ్లూ ఈ వణుకు కోసమే కాచుకుని ఉన్నాను బేటా. పో, బిడ్డకి మందు తాగించు."