గుర్రం తోలు పలచనైన సంగతి

ఒకప్పుడు గుర్రం తోలు గేదె తోలు కన్నా మందంగా ఉండేది. వాన కురిసినా, ముల్లు గీసుకున్నా దానికి తెలిసేది కాదు. ఈగలైతే దాని వీపు మీద సంత పెట్టుకునేవి. గుర్రాన్ని తిప్పాలంటే ఒకటే దారి. నోట్లో కళ్ళెం బిగించి, పగ్గం పట్టుకుని బలంగా లాగాలి.

ఆ రోజుల్లో కొండల్లో సుకురమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె గుర్రం పేరు చుక్క. ఇద్దరూ కలిసి దిగువ నుంచి ఉప్పు, మందు వేర్లు పై ఊళ్ళకు మోసేవాళ్ళు. అవి బండ్లు ఎక్కే దారులు కావు. సుకురమ్మ రాకపోతే ఆ ఊళ్ళకు ఉప్పూ లేదు, మందూ లేదు.

ఇరవై ఏళ్ళు పగ్గం లాగీ లాగీ ఆమె కుడి మోచెయ్యి పాడైంది. మొదట్లో సాయంత్రం పూట కాస్త సలిపేది. తరవాత పొద్దున్నే చెంబు ఎత్తబోతే చేతిలోంచి జారిపోయేది. తడిబట్ట పిండితే మోచేతి దగ్గర నిప్పు పెట్టినట్టుండేది. చూస్తే వాపు లేదు, గాయం లేదు. ఎవరికైనా చెబితే, "చెయ్యి బాగానే ఉందిగా" అనేవాళ్ళు. అందుకని చెప్పడం మానేసింది.

వైద్యుడు బుడ్డన్న మాత్రం నొక్కి చూసి నమ్మాడు. "లోపల నరం నలిగిపోయింది తల్లీ. రెండు నెలలు గుర్రం ఎక్కకు" అన్నాడు.

ఆమె ఎక్కలేదు. ఆకు వేడిచేసి కట్టుకుంది, నూనె రాసుకుంది. నొప్పి తగ్గింది. సంతోషంగా జీను వేసి బయల్దేరితే, మూడో రోజుకే మళ్ళీ మొదలైంది.

మళ్ళీ వైద్యుడి దగ్గరికెళ్ళి, "ఇక పోదా ఇది?" అని అడిగింది.

"పూర్తిగా పోదు. కొన్నాళ్ళు తగ్గుతుంది, కొన్నాళ్ళు లేస్తుంది. స్వారీ మానేస్తే నీకు మంచిది" అన్నాడు బుడ్డన్న.

సుకురమ్మ ఇంటికొచ్చింది. గుర్రం ఎక్కని సుకురమ్మ ఎలా ఉంటుందో, ఎంత ఆలోచించినా ఆమె ఊహకు అందలేదు.

వానాకాలం వచ్చింది. పై ఊళ్ళో పిల్లలకు జ్వరాలని కబురొచ్చింది. సుకురమ్మ వేర్ల మూట కట్టుకుని చుక్కను ఎక్కింది.

లోయ అంచున ఒకచోట దారి కోసుకుపోయి ఉంది. తల వంచుకుని నడుస్తున్న చుక్క అది చూడలేదు. పైనున్న సుకురమ్మ చూసి పగ్గం లాగబోయింది. చెయ్యి పట్టు వదిలేసింది. మడమలతో పొడిచినా చుక్కకు తెలియలేదు. కాలి కింద రాళ్ళు దొర్లిపడ్డాకే అది బెదిరి ఆగింది.

సుకురమ్మ దిగి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"అక్కా, పగ్గం లాగితే నా నోరూ పుండవుతోంది" అంది చుక్క మెల్లగా.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

"నీ చెయ్యి సంగతి నువ్వు నాకు చెప్పావా?"

సుకురమ్మ కళ్ళెం వదులు చేసి దాని నోరు చూసింది. తరవాత చుక్క తల ఎత్తి కొండను పిలిచింది. "కొండమ్మా, మా అక్క నొప్పి తీసెయ్యి."

"మనిషి నొప్పి నా చేతిలో లేదు నాయనా. నీకేం కావాలో అడుగు" అంది కొండ.

"అయితే నా తోలు పలచన చెయ్యి. అక్క మోకాలు ఆనిస్తే చాలు, ఎటు తిరగాలో నాకు తెలిసిపోవాలి."

"బాగా ఆలోచించుకో. ఆమె మోకాలు ఒక్కటే తెలిసేలా చెయ్యలేను. చలి తెలుస్తుంది, వాన తెలుస్తుంది, ఈగ కాలు పెట్టినా తెలుస్తుంది. నీకే కాదు, నీ జాతంతటికీ."

"వద్దురా" అంది సుకురమ్మ. "నా చేతి కోసం నువ్వు బతుకంతా ఈగలతో వేగుతావా?"

"నా నోటి కోసం కూడా అక్కా. ఈగలంటావా, నువ్వు ఎడం చేత్తో తోలుదువుగాని."

కొండ గాలినీ వాననీ పిలిచింది. గాలి చుక్క ఒళ్ళంతా రుద్దింది, వాన కడిగింది. చూస్తుండగానే తోలు పలచబడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చుక్కకు చలేసింది.

సుకురమ్మ మళ్ళీ ఎక్కింది. పగ్గం వదులుగా మెడ మీద వేసి, కుడి మోకాలు కొంచెం ఆనించింది. చుక్క ఎడమకు జరిగి, కొండవారగా అడుగులేసింది. మధ్యాహ్నానికి పై ఊరు చేరారు. పిల్లలు మొహాలు చిట్లించుకుంటూ కషాయం తాగారు. వారానికి జ్వరాలు తగ్గాయి.

సుకురమ్మ చెయ్యి మాత్రం నయం కాలేదు. బాగున్న రోజుల్లో ఆమె ఊళ్ళు తిరిగేది. బాగాలేని రోజుల్లో గుడ్డతో కట్టుకుని, బరువు తగ్గించి బయల్దేరేది. మరీ బాధగా ఉంటే ఇంట్లోనే ఉండిపోయేది. చుక్క కూడా తొందరపెట్టేది కాదు. అలాగే జుట్టు నెరిసేదాకా ఆమె స్వారీ చేసింది.

అప్పటినుంచే గుర్రం తోలు అంత సున్నితం. ఈగ వాలితే, వాలిన ఆ చోటు ఒక్కటే గబుక్కున వణుకుతుంది. ఎక్కినవాళ్ళు మోకాలు ఆనిస్తే, పగ్గం లాగకుండానే తిరుగుతుంది.