సున్నపుగుట్ట హద్దమ్మ తల్లి

సున్నపుగుట్ట చిన్న తాలూకా పట్టణం. కచేరీ, కోర్టు, సబ్‌జైలు, వారానికొక సంత, ఇవే దీని సంపద. ఇద్దరు జిల్లా జడ్జీలు, ఒక హరికథా భాగవతారు ఈ ఊరివారేనని కచేరీ గోడమీది పాలరాతి పలకలు చెబుతాయి. అయితే ఈ ఊరు పుట్టడానికి కారకులైనవారి పేర్లు ఆ పలకలమీద లేవు. కచేరీ ఆవరణలో, మంచినీటి బావి పక్కన, మోకాలెత్తు రాయిగా వెలసిన హద్దమ్మ తల్లిని దర్శించే భక్తులు వారి కథ తెలుసుకోవాలి.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. సున్నం కాల్చేవారి గుడిసెలు, గొర్రెల కాపరుల దొడ్లు ఉండేవి. చుట్టూ మూడు కోసుల మేర ఉప్పునీళ్లే. ఈ ఒక్క బావి నీరు మాత్రం తియ్యన. పక్క ఊరి పెత్తందారు బసవరాయుడు దానిని తన తోటలో కలుపుకోవాలని చూశాడు. అదే జరిగితే కాపరులకు వలస తప్ప గతి లేదు. సర్కారు తరఫున భూములు కొలవడానికి వచ్చిన వెంకోబరావు పంతులు గొలుసు పట్టి కొలిచి, బావి అందరిదేనని తేల్చి, తోటకూ బావికీ నడుమ హద్దురాయి నాటించాడు. పది రోజుల్లో పై అధికారి తనిఖీకి రావాలి. ఆయన సంతకం పెడితేనే హద్దు ఖాయం.

ఆ పది రోజుల్లో రాయికి కాళ్లొచ్చాయి. రెండుసార్లు బావి దాటి అవతలకు పోయింది. రెండుసార్లూ కాపరులు మోసుకొచ్చి పాత గుంతలోనే నిలబెట్టారు. జరిపింది ఎవరో కాపరులందరికీ తెలుసు. చెప్పే నోరు మాత్రం ఎవరికీ లేదు.

కుళ్లాయమ్మ అనే కాపరి వితంతువు ఒక మిట్టమధ్యాహ్నం ఆ రాయిని ఆనుకుని కునుకు తీసింది. కలలో ఎర్రచీర కట్టిన ఒక తల్లి కనబడి, "అందరికీ తావులు కొలిచిచ్చినారు, నాకేదమ్మీ తావు? ఈ రాతిమీద కూచుంటా, పసుపు పెట్టు" అన్నది. కుళ్లాయమ్మ లేచి రాయికి పసుపు పూసి కుంకుమ పెట్టింది. కల నిజమా, బావి కోసం ఆమె అల్లిందా అని అడిగేవారు నేటికీ ఉన్నారు. అడగవచ్చు, తల్లి కోపగించదు.

వార్త పొక్కింది. మొదటి పొంగలి కుండ బసవరాయుడి ఇంటినుంచే వచ్చింది. తెచ్చినది ఆయన తల్లి లింగమ్మ. కొడుకు చేయిస్తున్న పని ఆమెకు తెలియదు. మొక్కులు పెరిగితే ఇక రాయిని కదపలేమని బసవరాయుడు తొందరపడి, నలుగురిచేత గడ్డపారలు పట్టించుకుని పట్టపగలే వచ్చాడు. రాయి ముందు లింగమ్మ కూర్చుని ఉంది. చుట్టూ పంతులు, కాపరులు నిలబడి ఉన్నారు.

"అమ్మా, లెయ్. అది దేవర కాదు, ఉత్త రాయి. రెండుతూర్లు నేనే పెరికించినా" అన్నాడు.

కోపంలో నిజం నోరుజారింది. పంతులు విన్నాడు, అందరూ విన్నారు. లింగమ్మ కొడుకు ముఖంలోకి చూసి, "ఎవురి నీళ్లకోసరం పెరికించినావురా? నేను అమ్మా అని మొక్కిన రాయి ఇది. పెరుకు. మళ్లీ నన్ను మాత్రం అమ్మా అనొద్దు" అన్నది.

బసవరాయుడు తల వంచుకుని వెనుదిరిగాడు. తనిఖీ జరిగింది, సంతకం పడింది. తియ్యటి నీళ్లు, తగువులేని నేల ఉన్నాయని తరువాత తాలూకా కచేరీ ఇక్కడికే వచ్చింది. కచేరీ వెంట ఊరు వచ్చింది.

నేటికీ ఏటా చైత్రమాసం తొలి మంగళవారం సర్వేవారు వచ్చి, పసుపు కడిగి, రాతిమీది నంబరు సరిచూసుకుంటారు. అర్చకులు అడ్డుచెప్పరు. ఆ కాసేపు అది సర్కారు రాయి. తరువాత బసవరాయుడి వంశంలోని పెద్దకోడలు బావినీళ్లు తోడి, ముందుగా కుళ్లాయమ్మ వంశస్థుల దోసిట పోసి, ఆపైన రాయికి తిరిగి పసుపు పెడుతుంది. గట్టు తగాదా ఉన్న అన్నదమ్ములు ఆ దినం ఇక్కడ ఒకే చెంబు నీళ్లు తాగితే తగువు తీరుతుందని నమ్మకం. నియమం ఒక్కటే: చెంబు అందుకున్నవాడు తాను తాగకముందు ఎదుటివాడికి ఇవ్వాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇచ్చినవారికి మాత్రం తల్లి దయవల్ల మళ్లీ కోర్టు మెట్లెక్కే అవసరం రాలేదు.