రంగొక్కటే అడిగేవాడు

మంగతాయారుగారు ఏ దుకాణంలోనూ ఫోను నెంబరు చెప్పరు. అది ఆవిడ అలవాటు.

నరసాపురంలో ఆవిడ దగ్గర లేసు అల్లిక నేర్చుకునే ఆడవాళ్ళమంతా ఆ అలవాటు తలుచుకుని నవ్వుకునేవాళ్ళం. కొత్తగా పెట్టిన పెద్ద కిరాణా దుకాణంలో ఒకసారి నేనే పక్కన ఉన్నాను. బిల్లు కొట్టే అమ్మాయి తలెత్తకుండానే "నెంబర్ చెప్పండి" అంది. టీచరుగారు సంచీలోంచి ఫోను తీసి, టైము చూసుకుని, మళ్ళీ సంచీలో వేసుకున్నారు.

"చెప్పను తల్లీ."

"మామ్మగారూ, పాయింట్లు పోతాయండీ."

"పోనీమ్మా. కొన్నది కందిపప్పు. నా నెంబరు లేకపోయినా ఉడుకుతుంది."

వెనక నిలబడ్డాయన గట్టిగానే విసుక్కున్నాడు. "దాచుకోడానికి ఏముందో ఈవిడ దగ్గర!" అన్నాడు. టీచరుగారు వినపడనట్టే సంచీ అందుకున్నారు. ఎడం చేతినిండా ఆకుపచ్చ మట్టిగాజులు గలగలమన్నాయి. అల్లేటప్పుడు దారానికి అడ్డం పడతాయని మాకందరికీ గాజులు తీయించే మనిషి, తనవి మాత్రం తీయరు.

ఆవిడకి ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరేం అడిగినా వాదించరు. అడిగినవాళ్ళ చేతిలో అల్లికని తన ఒళ్ళోకి తీసుకుంటారు. తప్పు పడ్డచోటు దాకా విప్పుతారు. మళ్ళీ అల్లుకుంటూ, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెబుతారు. అది మనం అడిగినదానికి జవాబో కాదో ఆవిడ చెప్పరు.

మొన్న శ్రావణంలో నేనూ ఒక మాట అడిగాను.

మా అమ్మాయి ప్రణీత భీమవరంలో ఫార్మసీ చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది. ఒక సాయంత్రం బట్టల దుకాణానికి వెళ్ళి చుడీదారు కొనుక్కుంది. బిల్లు దగ్గర నెంబరు అడిగారు, చెప్పింది. కౌంటర్లో ఉన్నతను దాన్ని కొట్టుకుని, అందరికీ వినపడేలా పైకి చదివి, "ఇదేనా మేడమ్?" అన్నాడు. "అదేనండీ" అంది. వెనక వరసలో ఒకడు నిలబడి ఉన్నాడు.

మర్నాడు మెసేజీ వచ్చింది. 'గులాబీ రంగు నీకు నప్పుతుంది' అని. అప్పటికి ఆ బట్టలు ఇంకా సంచీలోంచి కూడా తీయలేదు ప్రణీత.

ఆ నెంబరు ఆపేస్తే ఇంకో నెంబరు నుంచి వచ్చాయి. తరవాత వాడే వచ్చాడు. హాస్టలు గేటుకి ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు. నవ్వుతాడట. ఏమీ అనడట.

"ఆదివారం కారు మాట్లాడతాను. సామాను సర్దుకోమను. చదివింది చాలు," అన్నారు మా ఆయన.

"ఇంకొక్క ఏడాదే కదండీ. అదేం తప్పు చేసింది?"

"ఎవడికి పడితే వాడికి నెంబరు చెప్పమన్నదెవరు?"

ప్రణీత ఫోనులో ఏడవలేదు. "స్టేషన్లో కంప్లయింటు ఇస్తానమ్మా. నువ్వొచ్చి పక్కన నిలబడు, చాలు," అంది. చూద్దాంలే అన్నాను. పెట్టేశాక చాలాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

ఆ మర్నాడు అల్లిక దగ్గర నా సూది నా మాట వినలేదు. పువ్వుకి ఒక రేక ఎక్కువొచ్చింది. మిగతావాళ్ళు వెళ్ళేదాకా ఆగి, టీచరుగారికి సంగతంతా చెప్పాను. చెప్పి అడిగాను.

"అడిగితే చెప్పింది. అది తప్పాండీ? అందరూ చెబుతున్నారు కదా. చెప్పనంటే దొంగల్ని చూసినట్టు చూస్తారు. చెబితే ఇలా అయింది. తప్పు ఎక్కడ పడిందో నాకు తెలియడం లేదు."

ఆవిడ చెయ్యి చాపారు. నా అల్లిక అందించాను. కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్క ముడీ విప్పడం మొదలుపెట్టారు. విప్పుతూనే, "మీరెవరూ బుడేసాయెబుని చూసి ఉండరు," అన్నారు.

ఆవిడ చెప్పింది ఇది.

అప్పట్లో రేవు దగ్గర ఒక వీధి ఉండేది. ఆ వీధి ఆడవాళ్ళు గుమ్మం దాటి బయటికి వచ్చేవారు కాదు. గోషా అనేవారు దాన్ని. పొద్దస్తమానం లోపలే కూర్చుని లేసు అల్లేవారు. అల్లినవి మగవాళ్ళు పట్టుకెళ్ళి అమ్ముకొచ్చేవారు. వీధిలో ఏం జరిగినా చెవులతో తెలుసుకోవడమే. పెరుగమ్మేవాళ్ళ కేక, రేవులో పడవవాళ్ళ అరుపులు, మధ్యాహ్నం ఎండలో గాజుల చప్పుడు. ఆ చప్పుడు వినపడితే చాలు, వీధి మొత్తం చేతిలో సూదులు కింద పడేసేది.

బుడేసాయెబు భుజానికి ఆ కొసా ఈ కొసా గాజుల మలారం వేలాడుతూ ఉండేది. తాళ్ళకి గుచ్చిన గాజుల గుత్తులు, ఎన్ని రంగులో. అరుగు మీద కూర్చుని తువ్వాలు పరిచేవాడు. తలుపు ఓరగా తెరుచుకునేది. ఆ సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చేది. చెయ్యి ఒక్కటే. మనిషి లోపల. ఆయన తల వంచుకునే ఉండేవాడు. ఒకటే మాట అడిగేవాడు.

"ఏ రంగమ్మా?"

లోపలినుంచి రంగు పేరు వినపడేది. వేళ్ళు దగ్గరికి నొక్కి, నొప్పి తెలియకుండా ఎక్కించేవాడు. ఎక్కించేటప్పుడు పగిలితే ఆ నష్టం ఆయనదే. అయిపోయాక ఇంకో చెయ్యి. అత్తగారిదో, కోడలిదో, కూతురిదో, అడిగేవాడు కాదు.

"తెలిసేది కాదాండీ ఆయనకి?" అన్నాను.

"తెలియకేం? ఏ చెయ్యి అంట్లు తోముతుందో, ఏది నీరు పట్టిందో, ఎవరికి నెల తప్పిందో, ఇంట్లోవాళ్ళకంటే ముందు ఆయనకే తెలుస్తుందనేవారు. పక్కింటి అరుగు మీదికి ఒక్క మాట మోసుకెళ్ళలేదు."

ఒకసారి ఆ వీధిలో మేనత్త ఇంటికి ఒక పిల్ల వచ్చి చేరింది. పెళ్ళయి ఏడాది కాలేదు. అత్తవారిది గోదావరి అవతలి ఒడ్డు. కట్టుకున్నవాడు అట్లకాడ కాల్చి ఎడం మణికట్టు మీద వాత పెట్టాడు. ఆ పెనుగులాటలోనే చేతులకి ఉన్న గాజులన్నీ పోయాయి. ఎలా వచ్చిందో, ఎవరు పడవ ఎక్కించారో, బోసి చేతులతో వచ్చింది. మేనత్త లోపలి గదిలో పెట్టింది. ఆ పిల్ల అక్కడుందని వీధిలో ఎవరికీ తెలియదు.

గాజుల చప్పుడు వినపడింది. పిల్ల లేచి గుమ్మం దాకా వచ్చింది.

"ఏమే, గాజులు లేకపోతే కొంపలేం మునగవు. చెయ్యి బయట పెట్టకు," అంది మేనత్త.

పద్దెనిమిదేళ్ళ పిల్ల. అద్దంలో ముఖం చూసుకున్నా చూసుకోకపోయినా, తన చేతులు తనకి కనపడుతూనే ఉంటాయి కదా. వినలేదు. చెయ్యి పెట్టింది.

బుడేసాయెబు చెయ్యి అందుకున్నాడు. వేళ్ళు ఒక్క క్షణం ఆగిపోయాయి. అవతలి ఒడ్డున ఆ చేతికి పెళ్ళిగాజులు వేసింది ఆయనే. ఆ ఆగడం తలుపుకి లోపల ఉన్నవాళ్ళకి తెలిసింది. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తాడు, అయ్యో ఏమైందమ్మా అంటాడు అనుకుంటే, గొంతు మామూలుగానే వినపడింది.

"ఏ రంగమ్మా?"

పిల్ల ఒక రంగు చెప్పింది. ఆయన సైజు మార్చాడు. వాత మీద ఒరుసుకోకుండా కాస్త వదులుగా ఉండేవి ఏరి వేశాడు. వెళ్ళిపోయాడు.

తరవాత సంతరోజున కట్టుకున్నవాడు ఇవతలి ఒడ్డుకి దిగాడు. వాడు తెలివైనవాడే. ఇల్లిల్లూ తిరగలేదు. నేరుగా గాజులాయన దగ్గరికి వెళ్ళాడు.

"సాయెబూ, ఈ చుట్టుపక్కల నువ్వు పట్టుకోని చెయ్యి లేదంటారు. మా ఆడది ఇటే వచ్చింది. ఎడం మణికట్టు మీద వాత ఉంటుంది. ఏ ఇంట్లో చూశావో చెప్పు. నీ మలారం మొత్తం నేనే కొంటాను."

సంతంతా చూస్తోంది. బుడేసాయెబు గాజులు సర్దుకుంటూనే అడిగాడు.

"వాత ఎలా పడింది బాబూ?"

వాడు అరిచాడు. "అడిగినదానికి చెప్పవోయ్!"

"చెయ్యి గాజుకి సరిపోతుందా లేదా, అంతే చూస్తాను బాబూ. ఎవరిదని అడిగిన రోజున నాకు ఏ తలుపూ తెరుచుకోదు."

వాడు మలారం లాగి నడిరోడ్డు మీద విసిరికొట్టాడు. మిగిలినవి కాళ్ళతో తొక్కాడు. బుడేసాయెబు అడ్డం వెళ్ళలేదు. వాడు రేవు దాటి పోయేదాకా ఆగి, ఒట్టి కాళ్ళతో నడిచేవాళ్ళకి గుచ్చుకుంటాయని, కూర్చుని పెంకులన్నీ ఏరాడట.

ఈ కబురు వీధికి చేరింది. ఆ ఇంట్లో మేనత్త తలుపు గడియ వేసేసింది. "చెప్పానా? చెయ్యి బయట పెట్టకే అని చెప్పానా? గాజుల సోకు! ఇప్పుడు చూడు. ఇక ఈ తలుపు తీసేది లేదు," అంది. పిల్ల గాజుల చెయ్యి కొంగులో దాచుకుంది. తనవల్లే ఒక మనిషి బతుకు రోడ్డు మీద పగిలిందని మూడంకె వేసుకుని పడుకుంది. అన్నం ముట్టలేదు.

వారం తిరగ్గానే బుడేసాయెబు ఒట్టి భుజంతో వచ్చాడు. ఇక కొన్నాళ్ళు గాజులు తేలేనని చెప్పిపోదామని వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే మొదటి ఇంటి తలుపు ఓరగా తెరుచుకుంది. చెయ్యి బయటికి వచ్చింది. అందులో ఒక లేసు ముక్క. పక్క ఇంట్లోంచి ఇంకో చెయ్యి, ఇంకో ముక్క. గడియ వేసిన ఆ ఒక్క తలుపు తప్ప, వీధి కొసదాకా అంతే. ఆయన ఒళ్ళో తువ్వాలు నిండిపోయింది. ఏది ఎవరు ఇచ్చారో ఆయన తలెత్తి చూడలేదు. వాళ్ళూ చెప్పలేదు.

అవి అమ్ముకుని కొత్త మలారం కట్టుకున్నాడు. అది భుజాన వేసుకుని ఆ వీధికి వచ్చిన రోజున, అన్ని అరుగులూ దాటుకుంటూ ముందు ఆ గడియ వేసిన తలుపు దగ్గరికి వచ్చాడు. కూర్చున్నాడు. తువ్వాలు పరిచాడు. లోపల ఎవరూ కదల్లేదు.

"చెయ్యి పెట్టమ్మా," అన్నాడు. "బయట ఉన్నది నేనే."

కాసేపటికి మేనత్తే లేచి గడియ తీసింది.

టీచరుగారు చెప్పడం ఆపారు. ఆవిడ వేళ్ళ మధ్య పువ్వు పూర్తి కావచ్చింది. ఎక్కువ పడ్డ రేక ఇప్పుడు లేదు. వీధిలోంచి ఎవరిదో స్కూటరు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నేను చూడని ఆ వీధి కోసం, అక్కడే పుట్టి పెరిగినట్టు నాకు బెంగగా అనిపించింది. ఆ గాజుల చప్పుడు మళ్ళీ వినపడితే బాగుండుననిపించింది.

అక్కడే కూర్చుని మా ఆయనకి ఫోను చేశాను.

"ఆదివారం కారు మాట్లాడకండి. పిల్ల అక్కడే ఉంటుంది. నేను రేపు బస్సుకి వెళ్ళి దాన్ని స్టేషనుకి తీసుకెళతాను. ఆ దుకాణానికి కూడా వెళతాను."

"నీకెవరే నూరిపోసింది? పేరు నలుగురి నోళ్ళలో పడుతుంది."

"పడనీండి. వాడి పేరే పడుతుంది."

"అది నెంబరు చెప్పింది కదే..."

"కొట్టువాళ్ళు అడిగారు, చెప్పింది. ఇకమీదట చెప్పదు. చెప్పినందుకు చదువు మాన్పిస్తే, రేపు ఏం జరిగినా మనకి కూడా చెప్పదు."

ఆయన గొంతు తగ్గింది.

"ఎన్నింటికి బస్సు?" అన్నారు. "నేనూ వస్తాను."

ఫోను సంచీలో పెట్టుకున్నాను. టీచరుగారు అల్లిక నా ఒళ్ళో పెట్టారు. లేవబోతూ ఆగిపోయాను. ఇంత విన్నాక అడగకుండా ఉండలేకపోయాను.

"టీచరుగారూ, ఆ పిల్ల ఎవరండీ? తరవాత ఏమైంది?"

ఆవిడ నావైపు చూశారు. చిన్నగా నవ్వారు. ఎడం చేతి గాజులు మణికట్టు మీదికి కిందికంటా లాక్కున్నారు.

"ఆకుపచ్చ అడిగిందమ్మా," అన్నారు. "ఆయనకి అది చాలింది."