ఊరికే వచ్చిన వాన కబురు

నల్లగుట్ట దిగువన చినుకు పడి మూడేళ్లయింది. బావి అడుగున బురద కూడా ఎండి పెచ్చులు లేచింది. అక్కడి కొట్టంలో ముప్పై ఆరు ప్రాణాలు ఎలాగో బతుకీడుస్తున్నాయి. మేకలు, గొర్రెలు, రెండు గాడిదలు, వీటన్నిటికీ పెద్దదిక్కుగా ఎద్దు సుంకన్న. కొట్టానికంతా ఒకటే కంప్యూటర్, అది సుంకన్న మేత తినే గాడి పక్కన ఉండేది. కొమ్ము కొసతో ఒక్కో అక్షరం నొక్కుతూ ఎవరి పనైనా విసుక్కోకుండా చేసిపెట్టేవాడు. "సుంకన్నకున్న ఓపిక భూదేవికి కూడా లేదు" అనేవాళ్లు అందరూ.

వేసవి మొదట్లో నక్క మద్దిలేటి వచ్చాడు.

"మామా, వాన ఎప్పుడొస్తాదో ముందే చెప్పే ప్రోగ్రామ్ తెచ్చినా. ఊరికే."

"ఊరికేనా?"

"నీ దగ్గర తీసుకుంటానా మామా? 'సరే' అని కనపడిన చోటల్లా నొక్కు, చాలు."

ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి అన్నారు. అందులోనూ వాన మాట! తెర మీద సన్నటి అక్షరాలతో బారెడు రాత ఉంది. సుంకన్న చదవలేదు. సరే, సరే, సరే అని ఐదుసార్లు నొక్కాడు. మూలన ఒక మబ్బు బొమ్మ వెలిసింది. మద్దిలేటి తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ఏ పేజీ తెరిచినా పైన దాణా ప్రకటన, కింద మెడగంటల ప్రకటన, నడుమ "మీరు బహుమతి గెలిచారు" అంటూ ఎగిరే నెమలి. సుంకన్న ఒక్కొక్కటే మూసేవాడు. ఒకటి మూస్తే రెండు పుట్టేవి. బ్రౌజర్ చెడిందేమోనని ఇంకో బ్రౌజర్ తెరిచాడు. దాంట్లోనూ అదే నెమలి.

ఇద్దరు పిల్లల తల్లి, మేక ఓబుళమ్మ ఇదంతా చూస్తూ ఉండేది.

"మామా, ఇది బాగాలేదు. గుట్ట అవతల ముంగిస లక్కమ్మకు ఈ పని తెలుసంట. పిలిపిద్దాం."

"ఎందుకు లేమ్మీ, మూస్తే పోతాండాయి కదా. కొంచెం ఓర్చుకుంటే సరి."

ఎండలు ముదిరాక ఒక మంచి కబురు అందింది. గుట్టలకు ఆవల ఏనుగులు కాపలా కాసే మడుగు ఉంది. కరువు జీవాలకు అక్కడ చోటిస్తారట. కాకపోతే శుక్రవారం పొద్దు వాలేలోగా వాళ్ల పేజీలో పేర్లు రాసుకోవాలి.

సుంకన్న మంగళవారమే కూర్చున్నాడు. వెతికే చోట "ఏనుగుల మడుగు" అని కొట్టాడు. ఏనుగు బొమ్మతో పేజీ తెరుచుకుంది. ముప్పై ఆరు పేర్లు, వయసులు, ఎవరికి ఏ జబ్బుందో కూడా రాశాడు. నడుమ నడుమ నెమలి ఎగురుతూనే ఉంది, మూస్తూనే ఉన్నాడు. సగం రోజు పట్టింది. చివరికి "మీ పేర్లు చేరాయి" అని వచ్చింది. చాన్నాళ్లకు కొట్టంలో నవ్వులు వినిపించాయి. పుట్టాక నిలవ నీళ్లే చూడని పిల్లలకు, మడుగంటే ఎట్లా ఉంటాదో ఓబుళమ్మ చెప్పింది.

శనివారం ఉదయం ప్రయాణం. దారి చూపడానికి ఓబుళమ్మ ముంగిస లక్కమ్మను పిలుచుకొచ్చింది. లోపలికి రాగానే లక్కమ్మ చూపు తెర మీద తెరిచి ఉన్న ఏనుగు బొమ్మ పేజీపై పడింది.

"ఏనుగుల పేజీలో నెమలి ఎందుకు మామా?"

"అన్నిట్లోనూ వస్తాదమ్మీ. మూసేస్తా ఉంటా."

లక్కమ్మ పైనున్న చిరునామా చదివింది. ముఖం మాడిపోయింది.

"ఇది ఏనుగులది కాదు మామా. నువ్వు వెతికే చోటునే మార్చేసినారు. నువ్వు ఏనుగులను అడిగితే, ఇది నిన్ను దాణా అమ్మే తోడేళ్ల కాడికి తీసుకపోతాంది."

"బ్రౌజర్ కూడా మార్చినా కదమ్మీ!"

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. దొంగ కంప్యూటర్‌లోనే కూర్చుని రెండు బ్రౌజర్లలోనూ చెయ్యి పెడతాండాడు. నువ్వేమన్నా ఊరికే తీసుకున్నావా?"

సుంకన్న మబ్బు బొమ్మ వైపు కొమ్ము చూపాడు.

లక్కమ్మ ముందుగా కంప్యూటర్‌లోని ప్రోగ్రాముల పట్టీ తెరిచి, వాన ప్రోగ్రామ్‌ను తీసేసింది. దాని వెనకే నక్కి వచ్చిన పేరు తెలియని మరో రెండింటిని కూడా పీకేసింది. తర్వాత రెండు బ్రౌజర్లలోనూ అతుక్కున్న ఎక్స్‌టెన్షన్లనే చిన్న ప్రోగ్రాములను తొలగించింది. వెతికే చోటునూ మొదటి పేజీనూ మళ్లీ మామూలుగా చేసింది. నెమలిని పంపే సైట్లకిచ్చిన అనుమతులు రద్దు చేసి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేసింది.

"ఇంతేనా?" అన్నాడు సుంకన్న.

"ఇంతే. వేసవి మొదట్లో చేసినా ఇంతే పని."

సుంకన్న మళ్లీ "ఏనుగుల మడుగు" అని కొట్టాడు. ఈసారి నెమలి రాలేదు. అసలు పేజీ తెరుచుకుంది. "పేర్ల నమోదు నిన్న సాయంత్రంతో ముగిసింది" అని ఉంది. కింద చోటు దొరికినవాళ్ల పట్టీ. కొమ్ము ఆనించి పై నుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ముప్పై ఆరులో ఒక్క పేరూ లేదు.

అయినా ఆశ చావక, మిగిలినవాళ్లను కొట్టంలోనే ఉంచి, ఓబుళమ్మనూ పిల్లలనూ వెంటబెట్టుకుని రెండు రోజులు నడిచి మడుగు దాకా పోయాడు. వాకిట్లో ముసలి ఏనుగు అడ్డంగా నిలబడింది.

"కనీసం ఈ పిల్లలనన్నా రానీ అయ్యా" అని సుంకన్న మోకాళ్లూనాడు.

ఏనుగు కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పక్కకు జరగలేదు. "లోపలున్నవాళ్లకే రోజుకు మూడు గుక్కలు సుంకన్నా. నీకు తలుపు తీస్తే నీ వెనక వచ్చేవాళ్లకు ఏం చెప్పాలి?"

తిరుగు దారిలో సుంకన్న ఆగిపోయి అన్నాడు.

"నన్ను ఏమన్నా అనమ్మీ. నోరారా తిట్టు."

"తిట్టడానికి నోట్లో తడి లేదు మామా" అంది ఓబుళమ్మ. పిల్లలను ముందు నడిపించుకుంటూ, నీళ్లుంటాయన్న నమ్మకం లేని దక్షిణం వైపు తిరిగింది. వెనక్కి చూడలేదు.

ఓర్చుకుంటే కష్టం తీరుతుందేమో గానీ, మోసం మాత్రం ముదురుతుంది.