కొండముచ్చు కొలువు

అనగనగా పట్నానికి పొద్దు పొడిచే దిక్కున ఒక గుట్ట, ఆ గుట్ట మీద ఒక చిన్న అడవి. ఆ అడవిలో ఒక కొండముచ్చు ఉండేది. నల్లటి మొహం, వెండి పూసినట్టుండే ఒళ్ళు, కొమ్మ మీద కూర్చుంటే కింది కొమ్మకి తగిలేంత పొడుగు తోక. అందుకే అందరూ దాన్ని సోగ అని పిలిచేవాళ్ళు. సోగకి ఒక నేస్తం ఉండేది. అది ఎర్రమొహం కోతి. పేరు గవ్వ.

కోతులకీ కొండముచ్చులకీ పడదని మీకు తెలుసు కదా. నల్లమొహం కనబడితే చాలు, కోతుల మంద చెల్లాచెదురైపోతుంది. కానీ ఈ రెండూ పుట్టిన ఏడాది గుట్ట మీద పెద్ద గాలివాన వచ్చింది. పిల్లలు రెండూ తల్లుల నుంచి తప్పిపోయి ఒకే బండ సందులో దూరాయి. చలికి ఒకదాన్నొకటి కరుచుకుని పడుకున్నాయి. వాన వెలిసేసరికి భయపడాలన్న సంగతి గవ్వ మరిచిపోయింది. తరమాలన్న సంగతి సోగ మరిచిపోయింది.

అలా పెరిగి పెద్దవయ్యాయి. ఒక ఎండాకాలం మనుషులు వచ్చి రాళ్ళ కోసం గుట్టని పేల్చడం మొదలుపెట్టారు. తునికి చెట్లు దుమ్ము కొట్టుకుపోయాయి. బండల మధ్య ఊట ఎండిపోయింది. జంతువులన్నీ తలో దారి పట్టాయి.

"మనం పట్నం పోదాం" అంది సోగ.

సోగకి పట్నమంటే ఎప్పటినుంచో మోజు. సాయంత్రం పూట గుట్ట అంచున కూర్చుని దూరంగా వెలిగే దీపాలను చూస్తూ ఉండిపోయేది. అక్కడ చుక్కలు నేల మీదే పూస్తాయని దాని నమ్మకం.

"ఆ చుక్కలు తినడానికి బావుంటాయా?" అని అడిగింది గవ్వ. అడిగింది గానీ, అప్పుడే లేచి ఒళ్ళు దులుపుకుంది.

గడ్డి లారీ ఎక్కి రెండూ పట్నంలో దిగాయి. దిగిన చోట బస్టాపు పక్కన ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంటే, దాన్నే ఇల్లు చేసుకున్నాయి. ఇక చూడాలి వాటి సంబరం. రోజుకో వైపు బయలుదేరేవి. ఒకరోజు స్తంభాల మీద గాల్లో పరుగెత్తే రైలును చూశాయి. సోగ నోరు తెరుచుకుని చూస్తూ, వానపాముకి రెక్కలొస్తే ఇలాగే ఉంటుందంది. ఇంకోరోజు పూల మార్కెట్టుకి పోయాయి. బంతిపూలు కొండల్లా పోసి ఉన్నాయి. సోగ ఆ రంగు చూసి మైమరచిపోయి ఒక దండ మొత్తం నమిలేసింది. పూలమ్మే ఆవిడ తట్టలోని నీళ్ళు తీసి దాని మొహాన కొట్టింది. గవ్వ అడ్డం వచ్చి పల్టీల మీద పల్టీలు కొట్టి ఆవిడని నవ్వించబట్టి సరిపోయింది. మరొకరోజు అద్దాల మేడ దగ్గరికి పోయాయి. అందులో తన నీడను చూసుకుని సోగ ఎంతసేపటికీ కదల్లేదు. ఎవరో పెద్దమనిషిలా ఉన్నాడని మెచ్చుకుంది. ఆ పెద్దమనిషి నువ్వేనని చెప్పి, గవ్వ దాన్ని తోక పట్టి లాక్కొచ్చింది.

రోడ్డు ఎప్పుడు దాటాలో, ఏ తీగ పట్టుకోవచ్చో, ఏది పట్టుకోకూడదో గవ్వే ముందు చూసి చెప్పేది. కొబ్బరి బొండాల బండి పక్కన పారేసిన బొండాల్లో లేత కొబ్బరి మిగులుతుందని కనిపెట్టింది కూడా గవ్వే. సోగ మాత్రం దీపాలు లెక్కపెట్టుకుంటూ, బాల్కనీల్లో ఆరేసిన రంగుచీరలు చూసుకుంటూ వెనకాల నడిచేది.

అలాంటి రోజుల్లోనే సోగకి జబ్బు చేసింది. తియ్యగా వాసన వేస్తోందని రోడ్డు మీద పడున్న మిఠాయి కవరును కవరుతో సహా మింగింది. కడుపు రాయిలా గట్టిపడింది. చెట్టు కొమ్మ పట్టుకుని కళ్ళు మూసుకుంది. నిద్రగన్నేరు ఆకు నోట్లో పెడితే చేదు. కొబ్బరి పెడితే వాంతి. గవ్వకి ఏం చెయ్యాలో తోచలేదు. గుట్ట మీద సోగకి ఒంట్లో బాగోకపోతే చింతచిగురు తినేది. కానీ పట్నంలో చింతచెట్టు ఎక్కడ?

గవ్వ వెతుక్కుంటూ పోయింది. ఎన్నో వీధుల అవతల ఒక బడి ఆవరణలో దొరికింది. కోతులకి దవడల్లో సంచుల్లాంటివి ఉంటాయి. కొండముచ్చులకి ఉండవు. గవ్వ ఆ సంచుల నిండా చిగురు కుక్కుకుంది. తనకీ ఆకలి దంచేస్తోంది. అయినా ఒక్క ఆకు గొంతు దిగనివ్వలేదు. కుక్కలు తరిమితే గోడలెక్కింది. బస్సులు హోరెత్తిస్తుంటే దుకాణాల రేకుల మీదుగా దూకింది. బుగ్గలు బూరెల్లా ఉబ్బించుకుని వచ్చి సోగ దోసిట్లో పోసింది.

సోగ చూసి మొహం తిప్పుకుంది. అదంతా తడిగా ఉందనీ, ఎంగిలనీ నసిగింది.

"అబ్బో, దొరగారికి వెండి పళ్ళెంలో తేవాలేమో. తిను" అంది గవ్వ.

సోగ తింది. మర్నాడూ తింది. కడుపు మెత్తబడింది. పొద్దున్నే ఎండ తగులుతుంటే కళ్ళు తెరిచి, పక్కన ఆకలితో సొమ్మసిల్లి నిద్రపోతున్న గవ్వ మొహం చూసింది. ఈ పట్నంలో ఇన్ని దీపాలున్నాయి గానీ, తన కోసం వెలిగేది ఇదొక్కటే అనుకుంది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎండలు ముదిరాయి. ఆ చెట్టుకి ఎదురుగా ఒక అయిదంతస్తుల ఇల్లు ఉండేది. దాని మేడ మీద సౌభాగ్యమ్మగారు అనే ఆవిడ గుమ్మడి వడియాలూ, అప్పడాలూ, ఊరమిరపకాయలూ ఎండబెట్టేది. రోజూ కోతులు వచ్చి పాడుచేసేవి. ఆవిడ గొడుగు పుచ్చుకుని వాటి వెంట పడేది. ఒకరోజు సోగ ఊరికే సరదాకి ఆ మేడ ఎక్కింది. దాని నల్లమొహం చూడగానే కోతులన్నీ పైపులు పట్టుకుని జారి పారిపోయాయి.

వాచ్‌మన్ పోశెట్టి అది చూసి దగ్గరికొచ్చాడు.

"ఏం దోస్తూ, మా దగ్గర కొలువు చేస్తవా?" అన్నాడు.

పని పెద్దదేం కాదన్నాడు. నీళ్ళ ట్యాంకు కింద నీడన కూర్చోవాలి. వేయించిన శనక్కాయలు, దోసకాయలు, అరటిపళ్ళు వేళకి పెడతారు. ఒక్క కోతి కూడా మేడ మీద కాలు పెట్టకూడదు. అంతే.

సోగ పొంగిపోయింది. పిల్లలు మేడెక్కి వచ్చి దానితో ఫొటోలు దిగారు. సోగయ్యగారూ అని పిలిచారు. గుట్ట మీద దాన్ని గారూ అన్నవాళ్ళు లేరు. గవ్వకి చెబితే పడీ పడీ నవ్వింది. పెద్ద కొలువు దొరికింది, ఇక నడక కూడా మారుతుందేమో అని ఆటపట్టించింది. కోతుల్ని తరమడం అంటే తనని కూడానా అని మాత్రం అడగలేదు. ఆ ఊహే దానికి రాలేదు.

మొదట్లో గవ్వ మేడ మీదికి వస్తే సోగ దాన్ని ట్యాంకు వెనక కూర్చోబెట్టి తన దోసకాయలో సగం ఇచ్చేది. తరవాత తరవాత పిల్లలు చూస్తారేమోనని సగంలో సగం ఇచ్చి తొందరగా పంపించేసేది. ఒకరోజు అప్పడం పిండి మీద చిన్న చెయ్యి అచ్చు పడి కనబడింది. సౌభాగ్యమ్మగారికి కోపం వచ్చింది. ఆవిడ పోశెట్టిని పిలిచి, ఇంకొక్క కోతి కనిపించిందంటే ఈ కొండముచ్చుని పంపించేసి, పక్క వీధి వాళ్ళ కొండముచ్చుని తెచ్చుకుందామని గట్టిగా చెప్పింది. సోగ వినేలాగే చెప్పింది.

ఆ రోజంతా సోగ మనసు మనసులో లేదు. మళ్ళీ రోడ్డు మీద పడాలా? ఈ నీడ, ఈ మర్యాద, ఈ శనక్కాయలు అన్నీ పోతాయా? చివరికి తనకి తనే సర్దిచెప్పుకుంది. గవ్వ మంచిది. ఒక్కసారి పళ్ళు చూపించి మీదికి ఉరికితే భయపడి పోతుంది. తరవాత ఎప్పుడైనా బతిమాలుకోవచ్చు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. సౌభాగ్యమ్మగారు మెట్ల తలుపు దగ్గర గొడుగు వేసుకుని నిలబడి ఉంది. పోశెట్టి కర్ర పుచ్చుకుని పక్కన ఉన్నాడు. పిట్టగోడ మీద ఎర్రటి మొహం ఒకటి తేలింది. గవ్వ.

సోగ లేచింది. పళ్ళు బయటపెట్టింది. తోక నిటారుగా లేపి, మేడ అదిరేలా గవ్వ మీదికి ఉరికింది.

గవ్వ పారిపోలేదు. సోగ అంత కోపంగా రావడం చూసి, తన వెనక ఏదో శత్రువు ఉందనుకుంది. గభాలున గోడ దిగి వచ్చి సోగ ముందు నిలబడింది. సోగ వైపు వీపు పెట్టి, అటు తిరిగి, ఖాళీ గోడ మీదికి తన చిన్న పళ్ళు చూపించింది. మాట్లాడబోయింది గానీ మాట రాలేదు. బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. గబగబా ఇటు తిరిగి వాటిలో ఉన్నదంతా సోగ దోసిట్లోకి కక్కింది. చింతచిగురు.

"ఇది పట్టుకో. రోజూ శనక్కాయలేనాయె, నీకు వేడి చేస్తుందని తెచ్చాను" అంది. "ఎక్కడ వాడు? నువ్వు నా వెనక ఉండు."

సోగ దోసిట్లో చిగురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎవరూ లేరు గవ్వా. నేను ఉరికింది నీ మీదికే" అంది.

"నా మీదికా? ఎందుకూ?"

"శనక్కాయలకి."

గవ్వ మూతి తుడుచుకుంది.

"పచ్చివా, వేయించినవా?" అంది.

"వేయించినవి."

"అదీ సంగతి" అంది గవ్వ. మెల్లగా పిట్టగోడ ఎక్కి, పైపు పట్టుకుని కిందికి జారడం మొదలుపెట్టింది.

కోతి దిగిపోవడం చూసి సౌభాగ్యమ్మగారు సంతోషపడింది. కొండముచ్చుకి ఇంకో దోసకాయ ఎక్కువ పెట్టమని పోశెట్టికి చెప్పింది. పళ్ళెం ముందుకొచ్చింది. సోగ పళ్ళెం చూసింది, నీడ చూసింది, దోసిట్లో తడి తడిగా ఉన్న చిగురు చూసింది. ఆ తడి దాని అరచేతికి కాలినట్టు తగిలింది. చిగురంతా నోట్లో పెట్టుకుని, పైపు పట్టుకుని గవ్వ వెనకాలే దిగిపోయింది.

ఆ మేడ వెనక గోడ మీద, కానుగ చెట్టు కింద గవ్వ అటు తిరిగి కూర్చుని ఉంది. సోగ వచ్చి కాస్త దూరంగా కూర్చుంది. తప్పయిపోయిందని చెప్పింది.

"కరిచావా?" అంది గవ్వ, ఇటు తిరగకుండానే.

"లేదు."

"అయితే సగం తప్పే చేశావు. ఆ మిగతా సగం చెయ్యకుండా దిగొచ్చావు కదా. దగ్గరికి రా, చెవి వెనక ఏదో పాకుతోంది నీకు."

అది పేను. గవ్వ తీసి పారేసింది. సోగ తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంతలో పోశెట్టి దిగివచ్చాడు. వెనకాలే ఆయాసపడుతూ సౌభాగ్యమ్మగారు. తిండి పెడితే ఇలా పారిపోతుందా, ఎంత పొగరో చూశావా అని ఆవిడ మండిపడింది. పోశెట్టి కర్ర గోడకి ఆనించి నవ్వాడు.

"గట్లనకమ్మా. మన శనక్కాయలకి పానమిచ్చే దోస్తును కరిసేటోడైతే, రేపు ఇంకోడు నాలుగు ఎక్కువేస్తే మన వడియాలే మింగుతడు. ఇది నమ్మేటి జీవమమ్మా" అన్నాడు.

మరి నా వడియాల సంగతేమిటని ఆవిడ గొణిగింది.

అప్పుడు గవ్వ నోరు విప్పింది. కోతులు వడియాల కోసం రావడం లేదని చెప్పింది. ట్యాంకు కింద కారే నీళ్ళ కోసం వస్తున్నాయి. ఈ వీధిలో గొంతు తడుపుకునేందుకు ఇంకెక్కడా చుక్క లేదు.

"నీళ్ళు తాగాక వడియాలు కనబడతాయి. చెయ్యి ఊరుకోదు. కోతి చెయ్యి కదమ్మా" అంది.

సౌభాగ్యమ్మగారికి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వడం పోశెట్టి అప్పుడే మొదటిసారి చూశాడు. ఆ సాయంత్రమే అతను కానుగ చెట్టు నీడన ఒక సిమెంటు తొట్టి పెట్టి నీళ్ళు నింపాడు. పై అంతస్తుల వాళ్ళు కూరగాయల తొక్కలు చెత్తలో వెయ్యకుండా దాని పక్కన వెయ్యడం మొదలుపెట్టారు. కోతులు, పిచ్చుకలు, ఉడుతలు అన్నీ అక్కడికే వచ్చాయి. మేడ ఎక్కే అవసరం ఎవరికీ లేకపోయింది. వడియాలు గలగలమనేలా ఎండాయి. ఇక ఎవరినీ తరమాల్సిన పని లేదు కాబట్టి సోగ కొలువు పోయింది.

తొట్టి నిండిన మొదటి పొద్దున సోగ, గవ్వ వచ్చాయి. నీళ్ళల్లో ఆకాశం కనబడుతోంది. సోగ అంచున నిలబడింది గానీ మూతి పెట్టలేదు.

"తాగు, ఏం చూస్తున్నావు?" అంది గవ్వ.

"నువ్వు ముందు తాగు."

"ఈ మర్యాదలు ఎప్పుడు నేర్చావు? పట్నం నేర్పిందా?"

"కాదు" అంది సోగ. "నువ్వే."

గవ్వ వంగి తాగింది. అది కడుపారా తాగి లేచేదాకా సోగ పక్కన నిలబడి ఉంది.

నీతి: ఆకలినాడు తన నోటిది దాచి తెచ్చి పెట్టిన నేస్తాన్ని, కడుపు నిండిన నాడు మరిచిపోకూడదు.