వెక్కిరింత నేరం

సముద్రపుటొడ్డున రేవుకోట అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే రణధీరవర్మకు ధైర్యానికేం కొదవ లేదు గానీ, డాబు అంతకు రెండింతలు. తమ వంశంలో అందరివీ డేగ చూపులని రోజుకొకసారైనా చెప్పుకోనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. అలాంటి మహారాజు నాలుగేళ్లుగా ఒక్క లేఖ కూడా స్వయంగా చదివిన పాపాన పోలేదు. ఎవరైనా అందించబోతే, "చదవడం లేఖకుల పని, వినడం రాజుల పని" అని మీసం దువ్వేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ల విమలాంబ. తల్లి లేని పిల్ల. ఒకనాడు పొరుగు రాజ్యపు రాయబారి సభకు వచ్చి, దూరం నుంచే ఆమెకు చేతులు జోడించాడు. పిల్ల లేచి నమస్కరించలేదు సరికదా, కళ్లు చికిలించి, ముక్కు ముడిచి ఆయన వైపు అదోలా చూసింది. రాయబారి ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

రాజు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నిండు సభలో అతిథిని వెక్కిరిస్తుందా! రేపే కొండకోటకు పంపండి. మూడేళ్లు అక్కడుంటే మర్యాద అదే వస్తుంది."

"నేను వెక్కిరించలేదు నాన్నగారూ!" అని పిల్ల ఏడ్చింది. వినేవారెవరు?

ఒక్కడు విన్నాడు. ఆస్థానంలో రత్నాలు పరీక్షించే కోనప్ప. వయసు మళ్లినవాడు, మాటకు మాట అప్పజెప్పగలవాడు. ఆ మధ్యాహ్నమే అతను పిల్లను పలకరించడానికి వెళ్లాడు. గుమ్మంలో నిలబడగానే, "రా అత్తయ్యా!" అంది విమలాంబ.

అతను కప్పుకున్న ఆకుపచ్చ శాలువా చూసి, అలాంటిదే కప్పుకునే మేనత్త అనుకుని పొరబడింది. ఇంకెప్పుడైనా అయితే కోనప్ప పడీపడీ నవ్వేవాడు. ఇప్పుడు మాత్రం నవ్వకుండా దగ్గరకు వెళ్లి కూర్చున్నాడు. రొంటిన దోపుకున్న కెంపు తీసి చేతికిచ్చాడు. పిల్ల దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇందులో సన్నటి పగులుంది తాతా" అంది. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న కోనప్పకే ఆ పగులు కనబడలేదు.

"తలనొప్పి వస్తుందా తల్లీ?"

"రోజూ వస్తుంది. పంతులుగారు దూరంగా రాసింది కనబడదంటే, బద్ధకం అంటారు."

"నాన్నగారితో చెప్పలేకపోయావా?"

"మన వంశంలో అందరివీ డేగ చూపులట కదా! నాకు కనబడదంటే ఆయనకు తలవంపులు కాదూ?"

కోనప్ప స్ఫటికాలు సానపట్టే నాగాచారిని వెంటబెట్టుకొచ్చాడు. ఓడ వర్తకుల కోసం చేసిన సులోచనాలు అతని పెట్టెలో చాలానే ఉన్నాయి. ఒక్కొక్క జతా పిల్ల కళ్లకు పెట్టి చూశారు. మధ్యలో పలచగా ఉన్న ఒక జత పెట్టగానే, "మన జెండా మీద గుర్రం ఉందా!" అని విమలాంబ ఎగిరి గంతేసింది.

ఇక రాజుకు చెప్పడమే తరువాయి. కానీ తన వంశంలో కంటి దోషం ఉందన్నవాడి నాలుక కోయించే మనిషి ఆయన. కోనప్ప ఇంటికి పోయి తీరిగ్గా ఆలోచించుకున్నాడు.

మర్నాడు సభలో అతను ఒక తాటాకు పట్టుకుని లేచాడు. "మహాప్రభూ, రాజబిడ్డకు శిక్ష వేస్తే ఆజ్ఞ రాజే స్వయంగా చేతపట్టి చదవాలని తమ తాతగారి కట్టడి. తమరికి తెలియనిదా!"

తాతగారి పేరెత్తితే రాజు కాదనలేడు. ఆకు అందుకున్నాడు. చెయ్యి చాపాడు. ఇంకాస్త చాపాడు. తల వెనక్కి వంచి, కళ్లు చికిలించి, ముక్కు ముడిచాడు. ఆఖరికి గొంతు సవరించుకుని, "మా పుత్రిక విమలాంబ అతిథిని వెక్కిరించిన నేరానికి మూడేళ్లు కొండకోటలో ఉండవలెను!" అని గంభీరంగా చదివేశాడు.

"చిత్తం. ఇప్పుడు నేరం మోపబడ్డవారు కూడా చదవాలి" అని కోనప్ప ఆకును పక్కనే నిలబడ్డ పిల్లకిచ్చాడు.

విమలాంబ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గడగడా చదివింది. "గోంగూర పచ్చడి. ఆకు కడిగి తడి లేకుండా నీడన ఆరబెట్టవలెను. పిమ్మట నూనెలో మగ్గబెట్టి..."



"నన్నే ఆటపట్టిస్తావా? నీ తల తీయిస్తాను!" అని రాజు గర్జించాడు.

"తీయించండి ప్రభూ. దానికి ముందు ఒక్క సందేహం తీర్చండి. ఆకు పట్టుకుని ఇందాక తమరు పెట్టిన ముఖమే నిన్న పాప కూడా పెట్టింది. పాప రాయబారిని వెక్కిరించిందన్నారు. మరి తమరు ఎవరిని వెక్కిరించారు?"

రాజు కూతురి వైపు తిరిగి చూశాడు. కోనప్ప సింహాసనం దగ్గరకు వెళ్లి గొంతు తగ్గించాడు. "నలభై దాటితే దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడం లోకంలో ఉన్నదే ప్రభూ. పాపకు దూరం అలుక్కుపోతోంది. రెండూ నేరాలు కావు. రెంటికీ అద్దాలున్నాయి."

సభలో ఓ మూల కూర్చున్న నాగాచారి వచ్చి పెట్టె తెరిచాడు. రాజు అటూ ఇటూ చూసి, మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న ఒక జత పెట్టుకున్నాడు. ఆకు మళ్లీ అందుకుని, "అరె, గోంగూరే!" అన్నాడు. శిక్ష అక్కడికక్కడే రద్దయింది. రాయబారికి క్షమాపణ లేఖ బయల్దేరింది. ఏం కావాలో కోరుకోమంటే, రాజ్యంలో ఏ బడిలోనైనా బెత్తం ఎత్తేముందు బిడ్డ కళ్లు పరీక్షించాలన్న ఆజ్ఞ ఒక్కటి చాలన్నాడు కోనప్ప. రాజు ఆజ్ఞా ఇచ్చాడు, మెడలోని కెంపుల హారమూ ఇచ్చాడు.

అప్పటికే విమలాంబ తన సులోచనాలు పెట్టుకుని సింహాసనం వైపే చూస్తోంది. "నాన్నగారూ, నన్ను చూసి నవ్వుతున్నారా?"

"రోజూ ఇక్కణ్ణుంచి నిన్ను చూసి నవ్వుతూనే ఉంటాను తల్లీ. నువ్వే తిరిగి నవ్వేదానివి కాదు. పొగరనుకున్నాను." అన్నాడు రాజు.

పిల్ల నవ్వింది. ఇంకాస్త పరకాయించి చూసి, "మీసానికి రంగు వేస్తారని కూడా ఇప్పుడే తెలిసింది!" అంది.

 రాజు కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాడు.